సైదాబికి వచ్చిన ఫోను

వేసవి దగ్గర పడేసరికి మంగళగిరిలోని మా ఆఫీసుకి లా చదివే పిల్లల దరఖాస్తులు రావడం మొదలవుతుంది. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ ఇమ్మని కొందరు, చదువైపోయింది ట్రైనీగా తీసుకోమని కొందరు. అన్నీ మెయిల్లోనే వస్తాయి. మా జూనియర్లు వాటిని వడపోసి చివరికి నాలుగైదు నా బల్ల మీద పెడతారు. ఈ ఏడు అలా పెట్టినవాటిలో ఆయేషా అనే అమ్మాయి దరఖాస్తు ఒకటుంది. శుభ్రంగా, గొప్పలు లేకుండా రాసింది. చదివి సంతోషపడుతూ వివరాల దగ్గరికి వచ్చాను. తల్లి పేరు షేక్ సైదాబి, దస్తావేజు లేఖరి, పర్చూరు అని ఉంది. ఆ రోజు ఇంక ఏ పనీ చెయ్యలేకపోయాను. సైదాబి గురించి నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా ఆయనకీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు.

మాది పెదకాకాని దగ్గర చిన్న పల్లె. నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. మా ఇంట్లో గోడ గడియారం ఉన్నా దాన్ని చూసే అవసరం ఎవరికీ ఉండేది కాదు. నాన్నగారు నూతి దగ్గర స్నానం చేసి, తడి పంచెతో లోపలికొచ్చి, పీట మీద కూర్చుని గొంతెత్తితే తెల్లారినట్టు. ఆయన సంధ్యావందనం ఎక్కడిదాకా వచ్చిందో విని అమ్మ పొయ్యి ముట్టించేది. చెల్లి జడ వేసుకునేది. మా పెరటి గోడకి అవతల మిరప కళ్ళం ఉండేది. మాఘమాసం వచ్చిందంటే ఎండు మిరపకాయల ఘాటు ఇంటినిండా పరుచుకునేది. నాన్నగారు మంత్రం మధ్యలో తుమ్మి, ఆచమనం చేసి, మళ్ళీ మొదటినుంచి అందుకునేవారు. ఎన్నిసార్లు తుమ్మితే అన్నిసార్లు మొదటినుంచే. అమ్మ నవ్వాపుకుంటూ పొయ్యిలో పుల్లలు సర్దేది. విభూతి, కాఫీ డికాషన్, మిరప ఘాటు కలిసిన ఆ వాసనే నాకు ఇల్లంటే.

నేను లా చివరి సంవత్సరంలో ఉండగా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. చెయ్యి పోయినా బతికేవాళ్ళం, నాలుక మొద్దుబారింది. ణ పలకదు, ళ పలకదు, ర సగం పలుకుతుంది. అయినా రోజూ పొద్దున్నే అదే పీట మీద కూర్చుని ప్రయత్నించేవారు. నారాయణ అనబోయి నాలాయన అనేవారు. ఆగి, మళ్ళీ అనేవారు. అమ్మ వంటింట్లో గిన్నెలు కావాలని చప్పుడు చేసేది. ఆయన మాట మేం వింటున్నామని ఆయనకి తెలియకుండా ఉండాలని. మాట తిరగని పురోహితుణ్ణి పెళ్ళికీ పిలవరు, తద్దినానికీ పిలవరు. ఆయన పెళ్ళిళ్ళు చేయించిన ఇళ్ళకే అమ్మ వంటకి వెళ్ళడం మొదలుపెట్టింది. చెల్లి అప్పటికింకా ఇంటర్ చదువుతోంది. ఇంట్లో నోరున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలానని నాన్నగారు సగం సైగలతో, సగం మాటలతో అన్నారు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగా అన్నారేమో గాని నాకు మెడ మీద చెయ్యి వేసి తోసినట్టనిపించింది.

పరీక్షలయ్యాక సైదాబీ నేనూ గుంటూరులో ఒక లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. కాలేజీలో ఐదేళ్ళూ పక్కపక్కనే కూర్చున్నాం. సైదాబిది పర్చూరు. వాళ్ళ నాన్న దూదేకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. వాళ్ళింట్లో వాళ్ళందరి జుట్టులోనూ, కనుబొమల్లోనూ ఎప్పుడూ సన్నటి దూది నూగు ఉండేదని తనే నవ్వుతూ చెప్పేది. మాలో ఎవరికీ రాని ఇంగ్లీషు తనకెలా వచ్చిందో తెలీదు. దూది నింపుకోడానికని పాత కాగితాల కొట్టు నుంచి గోనెసంచులు తెచ్చినప్పుడు వాటి అడుగున వచ్చే చిరిగిన పుస్తకాలన్నీ చదివేదట. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ తనకి వరండాలో విస్తరి వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. సైదాబి మాత్రం శుభ్రంగా తిని, విస్తరి తనే తీసి, చారు చాలా బాగుంది పిన్నిగారూ అంది. నాన్నగారు పడిపోయాక ఒకసారి వచ్చినప్పుడు ఆయన్ని మంచం మీదనుంచి లేపి కూర్చోబెట్టింది తనే. ఆ తర్వాత అమ్మ తనకి వంటింట్లోనే అన్నం పెట్టింది.

మేమిద్దరం చేరడానికొక చోటు కోసం ఆ ఏడాదంతా కాళ్ళరిగేలా తిరిగాం. గుంటూరులో పేరున్న వకీళ్ళ ఇళ్ళకి పొద్దున్నే వెళ్ళి వరండా బెంచీల మీద కూర్చునేవాళ్ళం. ఒకాయన రేపు రమ్మని పద్దెనిమిది రేపులు తిప్పి, చివరికి ఆడపిల్లల్ని తీసుకుంటే మా ఆఫీసులో సర్దుబాటు కాదమ్మా అన్నాడు. ఇంకొకాయన పురోహితుడి అమ్మాయివి, నీకీ కోర్టు గొడవలెందుకు, టీచరుద్యోగం చూసుకోమని సలహా ఇచ్చాడు. సైదాబి పేరు చెప్పగానే కొందరి ముఖాల్లో ఏదో ఒక తలుపు మూసుకునేది. బయటికొచ్చాక ఆ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఇక్కడ లాభంలేదని హైదరాబాదు లా ఫర్ములకి రాయడం మొదలుపెట్టాం. లైబ్రరీలో ఒక డైరెక్టరీ దొరికితే దాంట్లోంచి చిరునామాలు ఎత్తి రాసుకున్నాం. నా రాత బాగుంటుందని కవర్ల మీద చిరునామాలు నేను రాసేదాన్ని. లోపల ఉత్తరాలు ఇద్దరివీ తనే రాసేది. కోర్టు ఎదురుగా టైపు కొట్టించుకుని, పెద్ద పోస్టాఫీసులో వేసి వచ్చేవాళ్ళం. కొన్నిటికి రెండు లైన్ల జవాబులొచ్చేవి, ప్రస్తుతం ఖాళీలు లేవని. ఎక్కువవాటికి అదీ లేదు. ఆదివారం ఇంటికి వెళ్తే నాన్నగారు గుమ్మంలోనే నా ముఖం చూసేవారు. చూసి తల తిప్పుకునేవారు.

ఆ రోజుల్లో ఒక ఫర్ము మా ఉత్తరాలకి జవాబిచ్చింది. కోస్తా జిల్లాల నుంచి పత్తి జిన్నింగ్ మిల్లుల కేసులు, కోల్డ్ స్టోరేజీల కేసులు వాళ్ళకి ఎక్కువగా వస్తున్నాయట. ఈ ప్రాంతం తెలిసిన ట్రైనీ ఒకరు కావాలట. పత్తి బేళ్ళు నాసిరకమని కొన్నవాడు తిప్పి పంపితే, అమ్మినవాడి తరఫున ఇవ్వాల్సిన నోటీసు సొంతంగా రాసి పంపమన్నారు. ఆ ఒక్కటీ మాత్రం ఎవరిది వాళ్ళం రాయాలని సైదాబే అంది. నేను గైడు ముందు పెట్టుకుని రాశాను. తను రెండు పేజీల్లో రాసింది. చదివి నా కాగితాలు బోర్లా తిప్పి పెట్టాను. పత్తి తడి, గింజ, పోగు పొడవు అన్నీ చేత్తో పట్టుకుని చూసిన మనిషి రాసినట్టుంది.

పంపిన రెండు వారాలకి సైదాబి ఊరికి వెళ్ళింది. చలికాలం ముందు పరుపుల పని ఎక్కువగా ఉంటుంది, కుట్టడానికి చెయ్యి కావాలి. ఏదైనా కబురొస్తే ఫోన్ చెయ్యమని వాళ్ళ వీధి చివరి ఎస్టీడీ బూత్ నెంబరు రాసిచ్చి వెళ్ళింది. బూత్ అతను మనిషిని పంపి పిలిపిస్తాడట. తను వెళ్ళిన మూడోరోజు మధ్యాహ్నం హాస్టల్ వార్డెన్ గారి గదిలో ఫోన్ మోగింది. ఆవిడ భోజనానికి వెళ్ళారు. నేనే ఎత్తాను. హైదరాబాదు నుంచి ఒకాయన, షేక్ సైదాబి గారు కావాలన్నాడు. ఊళ్ళో లేరు, నేను తన రూమ్మేట్‌నని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఎల్లుండి మధ్యాహ్నం రెండు గంటలకి ఇంటర్వ్యూ అన్నాడు. తన నోటీసు మా పెద్దసార్‌కి చాలా నచ్చింది, జిల్లాల నుంచి ఇంత శుభ్రమైన డ్రాఫ్టింగ్ ఇప్పటిదాకా రాలేదన్నారు, ఆ మాట కూడా చెప్పండి అన్నాడు. చెప్తానండీ అన్నాను. నా పేరు అడుగుతాడేమో, నాక్కూడా ఒక మాట ఉందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆయన పెట్టేశాడు.

నేను మోసం చెయ్యాలని అనుకోలేదు. ఈ మాట ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, అది నిజమే. చెప్పులు తొడుక్కుని అరండల్‌పేటలో ఉన్న బూత్‌కి వెళ్ళాను. పర్చూరు నెంబరున్న కాగితం చేతిలో ఉంది. నా ముందు ఇద్దరున్నారు. వాళ్ళ మాటలయ్యేదాకా నిలబడ్డ ఆ పది నిమిషాలే నా జీవితాన్ని ఇటు తిప్పాయి. సైదాబికి ఇంకోటి వస్తుంది, అంత బాగా రాస్తుంది కదా అనుకున్నాను. నాకిక రాదు అనుకున్నాను. అమ్మ ఆ వారం ఎవరింట్లోనో సమారాధనకి వంట చేసి, మరిగే సాంబారు చెయ్యి మీద పడి, ఆ చేత్తోనే మర్నాడు ఇంకో ఇంటికి వెళ్ళింది. కట్టు కట్టిన చెయ్యి గుర్తొచ్చింది. పీట మీద నాన్నగారు గుర్తొచ్చారు. నా వంతు వచ్చింది. లోపలికెళ్ళి తలుపేసుకుని, పర్చూరుకి కాకుండా, ఉత్తరం మీదున్న హైదరాబాదు నెంబరుకి చేశాను. ఇందాకటి ఆయనే ఎత్తాడు.

"సైదాబి గారికి వేరే చోట వచ్చిందండీ. తను రాలేనన్నారు. నేను కూడా మీకు అప్లై చేశానండి, నా పేరు విశాలాక్షి."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. మీ పేరు రెండో లిస్టులో ఉంది, సరే, ఆవిడ బదులు మీరు రండి అన్నాడు. బయటికొచ్చాను. ఇది జరగలేదనుకుని, ఇప్పుడైనా పర్చూరుకి ఫోన్ చేసేస్తే పోతుందని అనిపించింది. బూత్ అక్కడే ఉంది, ఖాళీగా ఉంది. నేను హాస్టల్‌కి నడిచొచ్చేశాను.

మర్నాడు సాయంత్రం సైదాబి వచ్చింది. అనుకున్నదానికన్నా రెండు రోజులు ముందు. సూది గుచ్చుకుని వేళ్ళ కొసలన్నీ ఎర్రగా ఉన్నాయి. సంచిలోంచి ఒక చిన్న దిండు తీసి నా ఒళ్ళో పెట్టింది. బాబాయిగారి పడిపోయిన చెయ్యి కింద పెట్టుకోడానికి తనే కుట్టిందట, పొడుగ్గా, మెత్తగా, చెయ్యి జారకుండా మధ్యలో పల్లం వచ్చేలా. నాన్నగారు పోయేదాకా ఆ దిండు మీదే చెయ్యి పెట్టుకున్నారు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ ఫర్ము నుంచి నాకు ఇంటర్వ్యూకి ఫోనొచ్చిందని చెప్పాను. రేపే అని చెప్పాను. తను నన్ను గట్టిగా పట్టుకుంది. వదిలి, మామూలుగానే అడిగింది.

"నాకేమీ రాలేదా?"

"రాలేదు."

"సర్లే. ఇద్దర్లో ఒకరికన్నా వచ్చింది. కూర్చో, వాళ్ళు ఏమడుగుతారో చూద్దాం."

మంచం మీద నాకెదురుగా కూర్చుని నన్ను ప్రశ్నలడిగింది. సరుకు నాసిరకమని కొన్నవాడు ఎన్నాళ్ళలో చెప్పాలి, బేలు విప్పాక చెప్తే చెల్లుతుందా, నమూనా చూసి కొన్న సరుకు నమూనాలా లేకపోతే ఎవరిది తప్పు. నేను తడబడితే మళ్ళీ చెప్పించింది. బేలు నాణ్యం ఎలా చూస్తారో నాకు తెలీదంటే, తన సంచికి అంటుకున్న దూది పింజె తీసి, రెండు చేతుల బొటనవేళ్ళతో లాగి, పోగు పొడవు ఎలా కొలుస్తారో చూపించింది. నా తెల్లచీర తనే ఇస్త్రీ చేసింది. నేను అన్నం తినలేకపోతుంటే భయపడకే అంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. నాన్నగారికి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేటప్పుడు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆయనకి చెప్పాలని ఉండి రాదు, నాకు వచ్చేది, నేను చెప్పలేదు.

ఇంటర్వ్యూలో పెద్దసార్ అడిగినవాటిలో మూడు ప్రశ్నలు సైదాబి అడిగినవే. పత్తి నాణ్యం ఎలా చూస్తారో తెలుసా అని నవ్వుతూ అడిగితే, వేళ్ళతో పింజె లాగినట్టు చూపించి చెప్పాను. ఆయన పక్కనున్నావిడ వైపు చూసి తల ఊపాడు. పదిహేను రోజుల్లో చేరమన్నారు. ఇంటికి వెళ్ళి చెప్తే అమ్మ కట్టు కట్టిన చేత్తోనే నా తల నిమిరింది. నాన్నగారు ఆశీర్వచనం చెప్పబోయారు. ఆయన ఎన్ని వేల పెళ్ళిళ్ళలో చెప్పి ఉంటారో ఆ మంత్రం, మొదటి మాటకే నాలుక మడత పడింది. ఊరుకోలేదు. ముక్కలు ముక్కలుగా, చెమటలు కక్కుతూ మొత్తం చెప్పారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అది నాది కాదని నాకొక్కదానికే తెలుసు.

సైదాబి ఇంకో ఏడాది ప్రయత్నించింది. నాకు హైదరాబాదుకి ఉత్తరాలు రాసేది. మొదట్లో పెద్ద ఉత్తరాలు, ఎవరికి రాశానో, ఎవరు ఏమన్నారో. ఒక ఉత్తరంలో మాత్రం, నాకు తెలిసి మొదటిసారి, ఒక సాయం అడిగింది. మీ ఫర్ములో ఇంకో ట్రైనీని తీసుకునేటప్పుడు నా పేరు ఒకసారి చెప్పగలవా విశాలా, నా నోటీసులో తప్పేముందో అడిగి రాసినా చాలు, దిద్దుకుంటాను అని. ఆ రెండు నెలల్లోనే మావాళ్ళు ఇద్దర్ని తీసుకున్నారు. నేను పేరెత్తలేదు. పేరు వింటే వాళ్ళు గుర్తుపడతారు, ఆవిడకి వేరే చోట వచ్చిందన్నావు కదా అంటారు. జవాబు రాయడం ఆలస్యం చేశాను, తర్వాత పండగ శుభాకాంక్షల కార్డు పంపాను. నేను చేసినవాటిలో ఫోను కన్నా ఇదే పెద్దదని ఇప్పుడనిపిస్తుంది. ఫోను నాడు నాకు దిక్కు తోచలేదు. ఉత్తరం నాటికి నేను కుదురుగా, ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత తన దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. పెళ్ళయిందనీ, పర్చూరు రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాస్తోందనీ ఎవరో చెప్పారు. హైకోర్టు ఇటు వచ్చాక నేనూ హైదరాబాదు వదిలి మంగళగిరిలో సొంత ఆఫీసు పెట్టుకున్నాను.

ఆయేషా దరఖాస్తు చూసిన నాలుగో రోజు నేనే పర్చూరుకి ఫోన్ చేశాను. అమ్మాయితో పాటు నువ్వు కూడా రా అన్నాను. వచ్చింది. జుట్టు చాలావరకు నెరిసింది, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. బల్లకి అటు పక్కన కుర్చీలో సర్దుకుని కూర్చుని, మీ ఆఫీసు బాగుంది విశాలా అంది, ఏ అసూయా లేకుండా. పిల్ల కాసేపు ఉండి లైబ్రరీ చూస్తానని వెళ్ళింది. పిన్నిగారు ఎలా ఉన్నారని అడుగుతుంటే నేను మధ్యలో ఆపి చెప్పేశాను. వార్డెన్ గదిలో ఫోను, బూత్‌లో నేనన్న మాట, తన ఉత్తరానికి నేను పంపిన కార్డు, అన్నీ. ఏడవకూడదని ముందే అనుకున్నాను. ఏడవలేదు. తను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక కూడా ఉద్యోగం గురించి అడగలేదు.

"నోటీసు గురించి ఏమన్నారన్నావు?"

చెప్పాను.

"ఇంకోసారి చెప్పు. ఆయన అన్నది అన్నట్టు చెప్పు."

జిల్లాల నుంచి ఇంత శుభ్రమైన డ్రాఫ్టింగ్ ఇప్పటిదాకా రాలేదని చెప్పాను. సైదాబి మెళ్ళోని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా ఇంగ్లీషు పనికిరాదనుకున్నానే," అంది నెమ్మదిగా. "అందుకే అందరూ వద్దన్నారనుకున్నాను. ఆ ఏడాది తర్వాత నేను ఇంగ్లీషులో ఒక్క ముక్క రాయలేదు. దస్తావేజులన్నీ తెలుగులోనే. ఎవరన్నా ఇంగ్లీషులో కావాలంటే పక్కవాళ్ళ దగ్గరికి పంపుతాను. ఉద్యోగం నువ్వు తీసుకున్నావు, సరే, మీ ఇంటి సంగతి నాకు తెలుసు. అడిగితే ఇచ్చేసేదాన్నేమో కూడా. కానీ ఆ మాట నాది. అదన్నా నాకు చెప్పాల్సింది."

నేను క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. ఆయేషాని రేపటి నుంచే చేర్చుకుంటానని మాత్రం అన్నాను. సైదాబి తల అడ్డంగా ఊపింది. ఇంటర్వ్యూలో మిగతా పిల్లల్ని అడిగినట్టే దాన్నీ అడగమంది. గదిలో నువ్వుండొద్దు, వేరేవాళ్ళని అడగమను అంది. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో కాగితం మీద రాసి దాని చేతికివ్వమంది. పిల్లని పిలుచుకుని, నేను తెప్పించిన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ రోజున నేను కోర్టులో ఉండిపోయాను. ఆయేషాని తీసుకున్నారు, నా మాట లేకుండానే. ఇప్పటి పిల్లలకి దరఖాస్తు పంపడం ఒక్క నొక్కుతో అయిపోతుంది, పోస్టాఫీసు క్యూ లేదు, టైపు కొట్టేవాళ్ళ దగ్గర పడిగాపులు లేవు. కానీ జవాబు రానప్పుడు వాళ్ళకి ఏమవుతుందో అది మాత్రం మాకయినట్టే అవుతుందని నాకు తెలుసు. ఎంత చిన్న ఆఫీసైనా, వద్దన్నవాళ్ళకి ఎందుకు వద్దన్నామో, వాళ్ళు రాసినదాంట్లో బాగున్నదేమిటో చెప్పి పంపమని మా వాళ్ళకి చెప్పాను. మొదట్లో విసుక్కున్నారు. కొన్ని నేనే కూర్చుని రాస్తున్నాను. వందమందికి రాసినా ఒకరికి రాయనిది పూడదు, అది తెలిసే రాస్తున్నాను.

ఆయేషా వచ్చి నెలన్నర అయింది. శనివారాలు మధ్యాహ్నం బస్సుకి పర్చూరు వెళ్తుంది. మొన్న సోమవారం ఇద్దరమే ఉన్నప్పుడు, అమ్మ నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను. ఆ పిల్లకి ఏం తెలుసో, ఎంత తెలుసో నాకు తెలీదు. ఫైలు సర్దుకుంటూ చెప్పింది.

"మీ గురించి అడగదండీ. వారమంతా నేనేం డ్రాఫ్ట్ చేశానో అడుగుతుంది. కాపీ పెట్టుకుని వెళ్తే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటుంది. పోయినవారం నాది మొత్తం కొట్టేసి, వెనకవైపు తనే మళ్ళీ రాసిందండీ, ఇంగ్లీషులో."

చూపించమని అడిగాను. అమ్మ ఇవ్వలేదండీ, తన దగ్గరే పెట్టుకుంది అంది.